నీళ్ళు చల్లిన చేతులు

మిల్లు మొదటిసారి తిరిగిన పొద్దున, ఎక్స్‌పెల్లర్ గొట్టంలోంచి నూనె రావాల్సిన చోట నురగ వచ్చింది. అదే సమయానికి గేటు బయట మేనమామ లారీ హారన్ మోగింది. పోయిన వారం కథలో మిల్లువాళ్ళను మనం వదిలి వచ్చింది అక్కడే.

సంగతి ఇది. చుట్టుపక్కల పండే వేరుశనగంతా ఇన్నేళ్ళూ ఒక్క షావుకారు కాంటా మీదుగానే పట్నం వెళ్ళింది. నూనెగా మారి డబ్బాల్లో తిరిగొచ్చింది. ఆ షావుకారు మేనకోడలే ఇప్పుడు రైతుల సంఘానికి ప్రెసిడెంటు. తండ్రి పోయాక ఆమెను పెంచిందీ చదివించిందీ ఆయనే. మూతబడ్డ సరుకుల గోదాం ఒకటి తీసుకుని, పాత ఎక్స్‌పెల్లర్ కొని, సంఘం చేత ఆమె మిల్లు పెట్టించింది. ఎల్లుండి పట్నం నుంచి బేకరీ యజమాని వచ్చి మొదటి నూనె చూస్తాడు. నచ్చితే ఏడాది పొడుగునా ఇక్కడే కొంటాడు. అయితే మిల్లు పెట్టేనాడే అందరూ ఒక మాట అనుకున్నారు. మొదటిసారి ఆడించిన నూనె చెడితే ఎవరి బస్తాలు వాళ్ళు తీసుకుపోవచ్చు.

చెడింది.

మేస్త్రీ బెల్టు తప్పించి మెషీను ఆపాడు. నూనె పిండేశాక మిగిలే చెక్క ఒక పక్కనుంచి బయటికి వస్తుంది. అది పెళుసుగా, పెంకుముక్కల్లా రావాలి. అతను కొంచెం తీసి పిడికిలి బిగించాడు. వేళ్ళ సందుల్లోంచి ముద్దలా బయటికొచ్చింది.

"రొట్టెల పిండి," అన్నాడు. "ఇంత ఉప్పు వేస్తే కాల్చుకోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. ముందు తరుగు తాత ఉన్నాడు. తూకంలో బస్తాకి ఇంత అని షావుకారు కోసుకునేదాన్ని తరుగు అంటారు. దాని మీద తాత పోట్లాడని సీజను లేదు, గెలిచిన సీజనూ లేదు. పేరు మాత్రం మిగిలింది.

"నేను ముందే మొత్తుకున్నాను," అన్నాడు తాత. "ఒకడు వదిలించుకున్న ఎద్దుని ఇంకొకడు కొంటాడా?"

"ఎద్దుకి రోగం లేదు తాతా," అన్నాడు మేస్త్రీ. "మేత తేడా చేసింది."

ప్రెసిడెంటమ్మ ఆ ముద్దను వాసన చూసి, కాగితం మీద పెట్టి, బయటికి నడిచింది.

గేటు ఎవరు తీశారో గాని లారీ అప్పటికే లోపల ఉంది. గోదాం ముందు కాయలు ఆరబోసుకోవడానికి సిమెంటు కళ్ళం వేయించారు. లారీ దాని మధ్యలో ఆగింది. మేనమామ దిగాడు. చేతిలో గొడుగు. అది వానకి కాదు, బస్తాలు పొడిచి చూడటానికి. వరసలో మొదటి బస్తాలోకి గొడుగు ములికి దించి, తీసి, వేలితో తుడిచి చూసుకున్నాడు.

"పాపం మెషీను," అన్నాడు. "మన ఊరి సంగతులు దానికెవరూ చెప్పలేదేమో."

గోడ పక్క నీడలో ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. రాళ్ళూ మట్టిబెడ్డలూ తీసేసే పని వాళ్ళది. వాళ్ళలో ప్రెసిడెంటమ్మ తల్లి కూడా ఉంది.

"ఏం అక్కా, నువ్వూ ఇక్కడేనా?" అన్నాడు మేనమామ.

"కూతురు మిల్లు పెడితే కాయలేరడానికి నీ ఇంటికి రమ్మంటావా?"

ఆయన నవ్వి ఒక బస్తా మీద కూర్చున్నాడు. మేనకోడలి వైపు చూశాడు.

"నురగ బాగా వస్తోందట తల్లీ. సబ్బుల ఫ్యాక్టరీ అని బోర్డు రాయించాల్సింది."

"ఎండలో వచ్చావు మామయ్యా. మంచినీళ్ళు తెప్పించనా?"

"ఎందుకూ. మీ బస్తాల్లో ఉన్నాయిగా."

ఆ మాటతో తలుపు దగ్గరి మనుషుల్లో కదలిక వచ్చింది. ఒకడు చెప్పులు సరిచేసుకున్నాడు. ఒకడు ఆకాశం చూశాడు. అది ఆమె గమనించింది. మేనమామ ఆమెకు ఆలోచించే వ్యవధి ఇవ్వలేదు. లేచి నిలబడి, కాంటా దగ్గర మాట్లాడే గొంతుతో అందరికీ వినబడేలా చెప్పాడు.

"జరిగిందేదో జరిగింది. ఎవరినీ నేను ఏమీ అనను. లారీ ఉంది, కాంటా లారీలో ఉంది. ఇవాళ ఒక్క రోజు తరుగు లేదు. తడిదైనా పొడిదైనా బస్తా ఎంత తూగితే అంతకీ నేను తీసుకుంటాను."

తరుగు తాత నాలుగు అడుగులు ముందుకొచ్చాడు.

"మళ్ళీ అనండి."

"తరుగు లేదయ్యా."

"అయితే నేను పేరు మార్చుకోవాలి," అన్నాడు తాత. అని తన బస్తా వైపు తిరిగాడు. అవతలి చివర ఇంకెవరో పట్టుకున్నారు. బస్తా నేల మీంచి లేచింది.

"దించు తాతా," అంది ఆమె.

"మాట అనుకున్నాం కదమ్మా. చెడితే ఎవరిది వాళ్ళం పట్టుకుపోవచ్చని."

"పట్టుకుపో. ఒక్క కాయ ఇచ్చి పట్టుకుపో."

బస్తా మూతి కుట్టు కొంచెం లాగి ఒక కాయ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. ఎండిన కాయలో పప్పు విడివడి గలగలమంటుంది. ఈ ఊళ్ళో నడక వచ్చిన పిల్లలకి కూడా తెలిసిన పరీక్ష అది. ఆమె కాయ పట్టుకెళ్ళి తాత చెవి దగ్గర ఆడించింది.

"ఏమంటోంది?"

"నాకు ఆ చెవి వినపడదు."

"ఈ చెవి దగ్గర పెడతాను."

"దానికీ అంతంతమాత్రమే."

ఆమె పక్క బస్తాలోంచి ఇంకో కాయ తీసింది. దాని పక్కదాంట్లోంచి ఇంకోటి. ఏ కాయా నోరు విప్పలేదు. ఏరే ఆడవాళ్ళకి పెద్దదిక్కు జల్లెడ పిన్ని. చేతిలో ఎప్పుడూ జల్లెడే కాబట్టి ఆ పేరు. ఆమె అక్కణ్ణుంచే అంది:

"పొద్దున్నే అనుకున్నాను. ఇన్ని బస్తాలు జల్లించినా దుమ్ము లేవదేమిటా అని. నా దగ్గు తగ్గిందనుకుని సంతోషించాను."

మేస్త్రీ తల గోక్కున్నాడు. ఒలిచే ముందు కాయల మీద కాస్త నీళ్ళు చిలకరించడం అందరూ చేసేదే. పప్పు విరగకుండా ఉంటుంది. ఆ చెమ్మే అనుకుని అతను పట్టించుకోలేదు. ఇది చిలకరించిన తడి కాదు. రాత్రంతా బస్తాలో నాని, పప్పులోకి దిగిన తడి.

"ఎవరు పోశారు?" అంది ఆమె.

అందరూ తలలు దించుకున్నారు.

"సరే. ఎవరు పొయ్యలేదు? వాళ్ళు చెయ్యెత్తండి."

కళ్ళంలో ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ తనొక్కడే పోశాననుకుని వచ్చాడు.

"అది దొంగతనం కాదమ్మా," అన్నాడు తాత చివరికి. "ఆయన తరుగు తీస్తాడు, మేం నీళ్ళు పోస్తాం. చెల్లుకి చెల్లు."

"ఇవాళ తూచింది ఆయనా తాతా?"

"కాదు."

"మిల్లు ఎవరిది?"

"మనది."

"మన మిల్లుకి మనం నీళ్ళు పోసిన కాయలు తూచాం. ఎవర్ని ముంచాం?"

తాత తన అరచేతులు చూసుకున్నాడు.

"కాంటా కనబడితే చాలు, చెయ్యి చెంబు కోసం పోతుంది," అన్నాడు. "నేనేం చెయ్యను. నాకంటే దానికి వయసెక్కువ."

మేనమామ గొడుగు మీద రెండు చేతులూ ఆన్చి వింటున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఇదే తల్లీ, నీ చదువులో లేనిది," అన్నాడు. "వీళ్ళు నీళ్ళు పోస్తారని నాకు తెలుసు. నేను కోస్తానని వీళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళలో ఒకళ్ళ చొక్కా ఒకళ్ళం పట్టుకోలేదు. నువ్వు వచ్చి ఒక్క పూటలో అందర్నీ సత్యహరిశ్చంద్రుల్ని చేస్తానన్నావు. మెషీను నురగ కక్కింది. ఇక చాలు. బస్తాలు ఎత్తించు. గోదాం నేను అద్దెకి తీసుకుంటాను. నీ మీద ఈగ వాలనివ్వను."

"ఒకటి అడుగుతాను మామయ్యా. నీ లారీ వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్తుంది?"

"కాయలు."

"వచ్చేటప్పుడు?"

"నూనె డబ్బాలు. అదేం ప్రశ్న?"

"మధ్యలో చెక్క ఏమైంది? పట్నం పశువులు తిన్నాయి. పొట్టు ఏమైంది? పట్నం ఇటుక బట్టీలు తిన్నాయి. ఏరిన కూలి, ఆడించిన కూలి, డబ్బాకి మూత బిగించిన కూలి పట్నం ఇళ్ళు తిన్నాయి. మనకి మిగిలింది డబ్బా. అదీ ఖాళీ అయ్యాక."

"ఆ లారీ సంపాదన మీదే నువ్వు చదువుకున్నావు."

"అవును. అందుకే లెక్క కట్టడం వచ్చింది."

మేనమామ గొడుగు నేలకేసి ఒకసారి కొట్టాడు.

"బస్తాకి ఇంత అని నువ్వు కోసేది ఒక్కటే తరుగు అనుకునేదాన్ని," అంది ఆమె. "అది చిన్నది. ఈ ఊరి కాయలో సగం పని ఈ ఊరికి రాకుండా పోయింది చూడు, అదీ తరుగు. దాని మీద ఏ తాతా పోట్లాడలేదు, కనపడలేదు కాబట్టి. మేస్త్రీ పట్నంలో ఎవరి మెషీనుకో నూనె రాస్తూ బతికాడు. ఇప్పుడు ఇంటికొచ్చాడు. జల్లెడ పిన్ని పొలం పనులప్పుడు కాకుండా ఇంకో రోజు కూలి చూడటం ఇదే మొదలు. ఈ సీజనులో మా పశువులు మా చెక్కే తింటాయి. బస్తాలు ఎత్తించను."

"తడి కాయలతో ఏం చేస్తావు? బూజు పట్టిస్తావా?"

"ఆరబోస్తాను."

ఆమె రైతుల వైపు తిరిగింది. అన్ని బస్తాలూ విప్పి కళ్ళం మీద పలచగా పరవాలని, ఇవాళా రేపూ ఎండ కాస్తే ఎల్లుండి పొద్దున్నే మళ్ళీ ఆడించవచ్చని చెప్పింది.

"ఎవరివి వాళ్ళం గీత గీసుకుని పోసుకుందాం," అన్నాడు ఒకడు.

"గీతలకే సగం కళ్ళం పోతుంది. చోటు చాలదు. అన్నీ కలిపి పొయ్యాలి."

కలపడం అన్న మాట దగ్గర అందరూ ఆగిపోయారు. ఈ ఊళ్ళో ఒక ఇంటి కాయ ఇంకో ఇంటి కాయతో కలవదు. ఎవరి బస్తా మూతి వాళ్ళు ఎవరి రంగు దారంతో వాళ్ళు కుడతారు. మిల్లులో కూడా తన బస్తా వంతు వచ్చేదాకా పక్కన నిలబడి, తన నూనె తనే పట్టుకుపోవాలని ప్రతివాడూ అనుకుంటున్నాడు.

"కలిపాక నావి నాకెలా తెలుస్తాయి?" అన్నాడు తాత.

"తెలియవు. ఎండాక అంతా కలిపి తూస్తాం. తగ్గినంత అందరికీ తగ్గుతుంది. ఇది మనకి మనం తీసుకునే తరుగు."

"నావి మంచి కాయలమ్మా."

"నీళ్ళు పోశాక కూడానా?"

ఎవరూ కదల్లేదు. మేనమామ లారీ డ్రైవరుకి సైగ చేశాడు, వెనక తలుపు దించమని.

ఆమె వరస చివరికి నడిచి, నీలం దారంతో కుట్టిన బస్తా లాగింది. అది వాళ్ళింటిది. దారం ఒక్క పట్టున లాగేసింది. లోపల చెయ్యి పెట్టింది. అక్కడే ఆగింది. కాయ తీసి ఆడించింది. మళ్ళీ ఒకటి తీసి ఆడించింది.

ఆ కాయలూ మాట్లాడలేదు.

అందరికీ అర్థమయింది. మేనమామ నవ్వడం మొదలుపెట్టాడు. పెద్దగా కాదు. భుజాలు కదిలాయి.

"ప్రెసిడెంటుగారింట్లో కూడా వాన పడిందన్నమాట," అన్నాడు.

గోడ పక్కనుంచి తల్లి లేచింది. ఒళ్ళోని మట్టి దులుపుకుంది.

"దాన్ని అనకు. నేను పోశాను. రాత్రి అది పడుకున్నాక."

"అమ్మా, ఎందుకు?" అంది కూతురు.

"ఎందుకేమిటే. కాంటాకి పోయే బస్తా పొడిగా పంపిస్తే ఒంట్లో బాగాలేదనుకుంటారు."

మేనమామ నవ్వు ఆగింది.

"అక్కా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నాకు తూచావే, వాటిక్కూడానా?"

"ప్రతి సీజనూ."

"తోడబుట్టినవాడి కాంటాకా?"

"తోడబుట్టినదాన్నని నా బస్తాకి తరుగు మానేశావుట్రా నువ్వు?"

ముందు జల్లెడ పిన్ని నవ్వింది. తర్వాత మేస్త్రీ. తర్వాత తరుగు తాత నడుం పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. డ్రైవరు లారీ తలుపు చాటుకి వెళ్ళి నవ్వుకున్నాడు. మేనమామ ఒక్కడే నిలబడి అక్కను చూస్తున్నాడు, ఆమెను మొదటిసారి తూస్తున్నట్టు.

ఆ నవ్వులోనే ప్రెసిడెంటమ్మ బస్తా అడుగు పట్టుకుని ఎత్తింది. కాయలు సిమెంటు మీద కుప్పగా పడ్డాయి. తల్లి పారతో వాటిని పరిచింది. తాత లేచాడు. తన బస్తా దారం పళ్ళతో కొరికాడు.

"నావి అడుగున పొయ్యండి," అన్నాడు. "అన్నిటికంటే ఎక్కువ పోశాను. నలుగురిలో పెట్టకండి."

తర్వాత ఎవరికీ ఏమీ చెప్పాల్సి రాలేదు. ఎర్ర దారాలు, ఆకుపచ్చ దారాలు, గోనె పోగులు ఒక మూల పోగుపడ్డాయి. ఎవరి కాయలు ఎక్కడ ఆగాయో, పక్కవాడివి ఎక్కడ మొదలయ్యాయో కాసేపటికి తెలియకుండా పోయింది. గోదాం మెట్ల నుంచి గేటుదాకా కళ్ళమంతా పరుచుకున్నాయి. లారీ నాలుగు పక్కలా కాయలు చేరాయి.

"బండి తియ్యాలి," అన్నాడు మేనమామ.

"ఎండాక తీసుకో మామయ్యా."

ఆయన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు చేతులు కట్టుకున్నాడు.

"నేను తొక్కించనండి. మా మామగారివి కూడా ఉన్నాయి ఇందులో. ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?"

మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. రైతులు వరసగా నిలబడి పాదాలతో కాయలు తిరగేశారు. తిరగేసిన ప్రతిసారీ అడుగు తడి పైకొచ్చి రంగు మారింది. మేనమామ లారీ క్యాబిన్లో కూర్చున్నాడు. అక్క చెంబుతో మంచినీళ్ళు పంపితే తాగాడు. చెంబుని కాసేపు తిప్పి చూసి, వెనక్కి పంపాడు.

తాత ఒక కాయ ఏరి చెవి దగ్గర ఆడించాడు.

"పలుకుతోంది," అన్నాడు. "గొంతు ఇంకా పూర్తిగా రాలేదు గాని, పలుకుతోంది."

అప్పుడే గాలి తిరిగింది. జల్లెడ పిన్ని కొంగు అటునుంచి ఇటు ఎగిరింది. గోదాం వెనక, పడమటి వైపు, మబ్బు లేచింది. అందరూ పాదాలు ఆపారు.

కాయలు లోపలికి ఎత్తడానికి వ్యవధి లేదు. ఎత్తినా కుప్ప పోస్తే బూజు పడుతుంది. మళ్ళీ తడిస్తే పప్పు మొలకెత్తుతుంది. అప్పుడు అది షావుకారుకీ పనికిరాదు, మిల్లుకీ పనికిరాదు. మిల్లులో ఉన్న టార్పాలిన్ మెషీను మీద కప్పేదొక్కటే. కళ్ళానికి సరిపోయే టార్పాలిన్ ఊరంతటికీ ఒక్కటే ఉంది. అది లారీ పైన చుట్టి, తాడుతో కట్టి ఉంది.

అందరి కళ్ళూ అటే పోయాయి. మేనమామ క్యాబిన్లోంచి దిగాడు. కాయల మీద కాలు పెట్టకుండా, లారీ మెట్టు మీదే నిలబడ్డాడు.

"అడుగు," అన్నాడు మేనకోడలితో. "అడిగితే ఇస్తాను."

"తరుగు ఎంత మామయ్యా?"

ఆయన చెయ్యి చాచాడు.

"మిల్లు తాళంచెవి. ఈ సీజనుకే. పేరు నీదే ఉంటుంది. నడపడం నేను నడుపుతాను. వీళ్ళ కాయలు తడవవు."

గాలికి దారాల పోగు చెదిరి కాయల మీద పడింది. ఆమె నడుం దగ్గర ముడి విప్పి తాళంచెవి తీసింది. తాత "అమ్మా" అన్నాడు. ఇవ్వమనో వద్దనో ఎవరికీ తెలియలేదు.

ఆమె ఇవ్వలేదు. చెయ్యి వెనక్కి లాగి కళ్ళం మధ్యలోకి విసిరింది. తాళంచెవి కాయల్లో పడి కనబడకుండా పోయింది.

"నా దగ్గర లేదు," అంది. "అందరి కాయల్లో ఉంది. కావాలంటే దిగి వెతుక్కో. అవి తడిస్తే అదీ తడుస్తుంది."

మేనమామ చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆయన మేనకోడలినే చూస్తున్నాడు. అందుకే అక్క కాయల మధ్యనుంచి వట్టి కాళ్ళతో నడిచి రావడం చూడలేదు. టైరు మీద ఆమె కాలు పెట్టిన చప్పుడికి తల తిప్పాడు. అప్పటికే ఒక చేత్తో లారీ పక్క చట్రం పట్టుకుని, రెండో చెయ్యి తాడు ముడి మీద వేసింది.

"అక్కా, దిగు. అది నా బండి."

"నీదే. కాదన్నానా?"

"ఆ ముడి నీకు ఊడదు."

"నీకు నేర్పింది ఎవర్రా?" అంది ఆమె. వేలు ముడిలోకి దూర్చి లాగింది. తాడు సగం వదులయింది.

ఆయన ఒక్క అంగలో వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె తాడు వదల్లేదు. కింద ఊరంతా తలలెత్తి చూస్తోంది. క్యాబిన్ రేకు మీద మొదటి చినుకు టప్పుమని పడింది.